బండి మీద సిమెంటు, సున్నం మరకలు: గీకొద్దు, యాసిడ్ పోయొద్దు



హోసూరు, డెంకణీకోట, సూళగిరి, కృష్ణగిరి వైపు పురుగుల షెడ్డు కట్టే చోటే మన కారో, గూళ్లు వేసుకుపోయే వ్యానో నిలిపి ఉంటాది. పని అయ్యేసరికి బానెట్ మీద సిమెంటు చుక్కలు. షెడ్డుకు మందు కొట్టేటప్పుడు పడే సున్నం మరకలూ ఇంతే మొండివి.

*ఎందుకు పోవు?*
సిమెంటు ఊరికే ఆరిపోదు, నీళ్లతో కలిసి రాయిగా మారిపోతాది. అందుకే ఎండినాక ఉత్త నీళ్లకు కరగదు. గీకితే అందులోని ఇసుక ఉప్పు కాగితంలాగా పెయింటును గీరేస్తుంది. బాత్రూమ్ యాసిడ్ సిమెంటుతో పాటు పెయింటునూ, కింది రేకునూ తింటాది.

*ఎలా తీయాలి?*
1. పచ్చిగా ఉన్నప్పుడే ధారగా నీళ్లు పోస్తే చాలావరకు పోతాది. రుద్దొద్దు.
2. ఎండిపోయుంటే బండిని నీడలో పెట్టి, చల్లారినాక దుమ్ము, ఇసుక పోయేలా కడగండి.
3. వంటకు వాడే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలపండి. ముందు కనపడని మూల కొంచెం పూసి, రంగు మారలేదని చూసుకోండి.
4. మెత్తని గుడ్డ అందులో తడిపి మరక మీద 10 నిమిషాలు పరచండి. గుడ్డ ఆరనీయొద్దు.
5. మెత్తబడినదాన్ని నెమ్మదిగా తుడిచి, వెంటనే నీళ్లు పోయండి. మిగిలితే మళ్లీ ఇదే పని చేయండి.
6. చివర కారు షాంపూతో కడిగి, ఆరినాక మైనం పాలిష్ పూయండి.

రెండు మూడు సార్లకీ పోకపోతే బలవంతం చేయకుండా పెయింటింగ్ షాపులో చూపించండి.

*మనం మరవకూడనిది*
షెడ్డు శుద్ధికి మనం 100 లీటర్ల నీళ్లలో 2 కిలోల బ్లీచింగ్ పొడి, 300 గ్రాముల సున్నం కలిపి కొడతాం. ఆ మందు పడిన బండి మీద నేరుగా వెనిగర్ గానీ, యాసిడ్ గానీ పోయొద్దు. బ్లీచింగ్, పులుపు కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ముందు నీళ్లతో బాగా కడిగేయండి. వెనిగర్ కలిపిన డబ్బాను స్ప్రేయర్ దగ్గర పెట్టొద్దు.

బండి కడిగే చోటు మల్బరీ తోటకూ, ఆకు గదికీ దూరంగా ఉండాలి. థిన్నర్, పెట్రోలు, పాలిష్ వాసన ఉన్న బండిలో ఆకు గానీ, చాకీ పురుగులు గానీ వేయొద్దు. కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ పరిచినాకే వేయండి.

ఈసారి షెడ్డు పనికి ముందే బండిని దూరంగా పెట్టి, టార్పాలిన్ కప్పేస్తే ఈ తిప్పలే ఉండవు.