గాలి కొడితే చాలదు, గ్లూ పూయాలి

సైకిల్ రేసు టీమ్‌లు ట్యూబ్‌లెస్ టైర్లకు మారిపోవడంతో ఒకప్పటి కార్బన్ ట్యూబులర్ చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. ట్యూబును లోపలే మూసేసిన టైరును వీటి రిమ్‌కు గ్లూతో అంటించాలి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో రోడ్ బైక్ కుర్రాళ్లు ఎగబడి కొంటున్నారు. కొనడంలో తప్పేమీ లేదు. చక్రాలతో పాటు ఉచితంగా వచ్చే సలహాతోనే చిక్కు. "అంత ఖరీదు గ్లూ ఎందుకు బ్రో? ఎనిమిది బార్ గాలి కొట్టు, అదే పట్టుకుంటుంది. మరీ భయమైతే పంక్చర్ సొల్యూషన్ పూసుకో." ఈ మాట నమ్మి, మలుపులో టైరు ఊడి, మోచేతులు చెక్కుకుపోయినవాళ్లు ఆదివారం రైడ్లలో కనిపిస్తూనే ఉన్నారు. అయినా సలహా మాత్రం ఆగట్లేదు.

అపోహ: గాలి నిండుగా ఉంటే టైరు ఎక్కడికీ పోదు

ఈ అబద్ధం ఇన్నాళ్లు బతికిందంటే అందులో రవ్వంత నిజం ఉండబట్టే. ట్యూబులర్ కేసింగ్‌లో దారాలు ఏటవాలుగా పరిచి ఉంటాయి. గాలి ఎక్కేకొద్దీ టైరు లావెక్కి, చుట్టుకొలత కాస్త తగ్గి, రిమ్‌ను బిగించి పట్టుకుంటుంది. తిన్నటి రోడ్డు మీద ఆ బిగువు చాలనే అనిపిస్తుంది. కానీ గాలి ఇచ్చిన పట్టు గాలితోనే పోతుంది. దిగుడులో, మలుపు మధ్యలో ముందు చక్రం పంక్చరైతే ఏమిటి? మామూలు (క్లించర్) రిమ్‌కైతే టైరును ఆపే అంచులుంటాయి. ట్యూబులర్ రిమ్‌కు ఉన్నదల్లా లోతులేని చిన్న పల్లం. ఆ క్షణంలో టైరును రిమ్ మీద ఆపి మిమ్మల్ని కాపాడేది గ్లూ ఒక్కటే.

అసలు ట్యూబులర్‌కున్న పెద్ద సుగుణమే అది: గాలి పోయినా రిమ్‌ను వదలదు, భద్రంగా ఆగనిస్తుంది. గ్లూ మానేసి ట్యూబులర్ తొక్కడమంటే ఆ సుగుణాన్ని పారేసి, ఖర్చును మాత్రం అట్టిపెట్టుకోవడం.

కాన్సాస్ యూనివర్సిటీలో కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన కాలిన్ హోవాట్ గ్లూ ఇచ్చే ఈ పట్టునే ల్యాబ్‌లో పరీక్షించారు. ఏ గ్లూ వాడారు, ఎలా పూశారు అన్నదాన్ని బట్టి పట్టు ఎంతో మారుతుందని తేల్చారు. వాట్సాప్‌లో సలహాలిచ్చే వీరులు ఏ ల్యాబ్‌లో తేల్చారో మరి.

ఇక పంక్చర్ సొల్యూషన్. అది గరుకు పెట్టిన ట్యూబు మీద రబ్బరు ప్యాచ్‌ను పట్టించడానికి చేసినది. రబ్బరుకు రబ్బరుతో కుదిరే పొత్తు, టైరు అడుగున ఉండే గుడ్డ టేపుకు కార్బన్‌తోనో అల్యూమినియంతోనో కుదరదు. క్షణంలో అంటుకునే ఇన్‌స్టంట్ గ్లూ ఇంకా ఘోరం. అది ఎండి పెళుసవుతుంది. టైరు అడుగు చక్రం తిరిగినప్పుడల్లా కదులుతుంది కాబట్టి ఈ గ్లూ పగుళ్లిస్తుంది. తీయబోతే టేపో, రిమ్ పైపొరో ఊడొస్తుంది. విట్టోరియా మాస్టిక్ వన్, కాంటినెంటల్ సిమెంట్ లాంటి ట్యూబులర్ గ్లూలు ఎన్నాళ్లైనా కాస్త జిగురుగానే ఉంటాయి. మీరు డబ్బు పెడుతున్నది ఆ జిగురు కోసమే.

శాస్త్రం వద్దు, ఉదాహరణ కావాలంటారా? 2003 టూర్ ద ఫ్రాన్స్, జులై 14, గ్యాప్ పట్టణానికి దిగే దారి. ఎండకు తారు కరిగింది. మొత్తం మీద రెండో స్థానంలో ఉన్న జోసెబా బెలోకి వెనక చక్రం పట్టుతప్పింది, టైరు రిమ్ మీంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలంలోకి దిగి తప్పించుకున్నాడు. ప్రొఫెషనల్ మెకానిక్ సిద్ధం చేసిన చక్రానికే అంత జరిగితే, సొల్యూషన్ పూసిన చక్రాన్ని అరకు ఘాట్‌లో దించేవారిని ఏమనాలి?

రిమ్ బ్రేకులున్న చక్రాలతో మరింత జాగ్రత్త. దిగుడంతా బ్రేకు నొక్కే ఉంచితే రిమ్ కాగుతుంది, గ్లూ మెత్తబడుతుంది. కార్బన్ రిమ్ ఆ వేడిని త్వరగా వదలదు. నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. మే నెల ఎండలో నిలిపిన కారు డిక్కీలో చక్రాలు వదిలేసి, గ్లూ కంపెనీని తిట్టకండి.

అపోహ: ఒక్క పంక్చర్‌తో టైరు చెత్తకుండీకే

ఒప్పుకోబుద్ధి కాదు గానీ, ఇది సగం నిజం. బాగుచేయడం సాధ్యమే. అడుగు టేపు ఊడదీసి, కుట్లు కోసి, ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేసి, మళ్లీ కుట్టి, టేపు అంటించాలి. అంత ఓపిక ఎవరికుంది? మన పంక్చర్ షాపాయనకు చూపిస్తే దండం పెట్టి పంపిస్తాడు. టూఫో లాంటి కుట్టు లేని టైర్లకైతే ఆ దారీ లేదు. వాల్వ్ కోర్ ఊడొచ్చే రకమైతే సీలెంట్ పోయండి, సన్నటి ముళ్ల బెడద చాలావరకు తీరుతుంది. గాజుపెంకు కోతకు మాత్రం మందు లేదు. మంచి ట్యూబులర్ ఐరోపాలోనే ఒక్కోటి 60 నుంచి 100 యూరోలు పలుకుతుంది. క్లించర్‌కైతే కొన్ని వందల రూపాయలు పెట్టి ట్యూబు మార్చుకుంటే సరి. చక్రాల బేరంలో మిగిలింది టైర్లకు వదిలించుకోవడం ఇలాగే.

మిగతావి, టూకీగా

ట్యూబులరే అన్నిటికన్నా వేగమా? ఒకప్పటి మాట. 2021లో పారిస్–రూబే రేసు గెలిచిన సోనీ కోల్‌బ్రెల్లి చక్రాలకున్నవి ట్యూబ్‌లెస్ టైర్లు.

కొత్త టైర్లను ఏళ్లకేళ్లు చీకటిగదిలో ఉంచితే గట్టిపడతాయా? మాగబెట్టడానికవి మామిడికాయలు కావు. రబ్బరు పాతబడితే పాడవుతుంది, అంతే.

రాత్రికి రాత్రే గాలి దిగుతోందా? లోపలున్నది లేటెక్స్ ట్యూబైతే దిగుతుంది. తొక్కే ముందు రోజూ కొట్టుకోవాల్సిందే.

ఇన్ని విన్నాక కూడా కొంటానంటే

అమ్మేవాడు "ఎక్కి తొక్కడమే" అన్నా నమ్మకండి. గాలి తీసేసి, చుట్టూ బొటనవేలితో టైరును పక్కకు నెట్టి చూడండి. టేపు ఎక్కడ లేచినా గ్లూ పని అయిపోయినట్టే. లేవకపోయినా, ఎవరు ఎప్పుడు ఏం పూశారో తెలియనప్పుడు ఊడదీసి మళ్లీ అంటించడమే మేలు. టైరును ముందు గ్లూ లేకుండా రిమ్‌కు ఎక్కించి, ఒకరోజు సాగనివ్వండి. రిమ్‌కూ టేపుకూ పలచటి పూత పూసి, రాత్రంతా ఆరనివ్వండి. కొత్త రిమ్‌కైతే మరో పూత పడాలి. చివరగా రిమ్‌కు ఇంకో పూత పూసి, ఆ తడి మీద టైరు ఎక్కించి, సరిచేసి, గాలి కొట్టి, ఇంకో రోజు ముట్టుకోకండి. సీజన్‌కోసారి బొటనవేలి పరీక్ష చేయండి.

సీటు కింద పెట్టుకునే స్పేర్ కొత్తది కాకూడదు. ఇదివరకు గ్లూ పూసి వాడిన పాత టైరైతేనే దారిలో ఓ మాదిరిగా అతుక్కుంటుంది. దాంతో ఇంటికి మెల్లగా చేరండి, మలుపుల్లో శౌర్యం వద్దు.

ఇదంతా వారాంతమంతా తినేసే పని. అంత తీరిక లేనివాళ్లు నిరభ్యంతరంగా క్లించర్ కొనుక్కోవచ్చు, నామోషీ ఏమీ లేదు. గ్లూ డబ్బులు మిగుల్చుకుని ఎక్స్‌రేకు కట్టేవాళ్లను చూస్తేనే జాలేస్తుంది.