బలపపు రాతి మీద నాలుగు వేల ఏళ్ళ సంతకం

చిన్నప్పుడు పలక మీద దిద్దిన బలపం, అమ్మమ్మలు పులుసు కాచిన రాచ్చిప్ప - రెండూ ఒకే జాతి రాయి. గోటితో గీసినా గీత పడేంత మెత్తన. అందుకే చెక్కడం తెలిసినవాళ్ళకి ఇదంటే ప్రాణం.

చైనావాళ్ళు ఇలాంటి మెత్తని రాళ్ళలో ఒక లోకాన్నే చెక్కారు. ఫుజియాన్ ప్రాంతపు షౌషాన్ రాయి అందుకు పేరుమోసింది. వాళ్ళ బొమ్మల్లో పీచ్ పండు దీర్ఘాయుష్షు. గబ్బిలం అదృష్టం, ఎందుకంటే వాళ్ళ భాషలో రెండింటి పలుకూ 'ఫు'నే. మనింట్లో గబ్బిలం దూరితే అరిష్టమంటాం!

నేనుండే కువైట్‌కీ ఈ రాతితో పాత చుట్టరికం ఉంది. నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఫైలకా ద్వీపం. 1958లో డెన్మార్క్ పురావస్తు బృందం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. దిల్మున్ నాగరికత నాటి ముద్రలు వందల్లో దొరికాయి. దాదాపు 4000 ఏళ్ళ కిందటివి.

ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. ఎద్దులు, జింకలు, తేళ్ళు, పడవలు, కుండలోంచి గొట్టాలతో తాగుతున్న మనుషులు. వెనకవైపు గుబ్బ, దాని మీద గీతలు, చుక్క పెట్టిన సున్నాలు, దారం ఎక్కించుకోవడానికి రంధ్రం. మెత్తని రాయిని చెక్కి, కాల్చి గట్టిపరిచేవారు. కుండ మూతి మీదో, మూట ముడి మీదో తడిమట్టి పెట్టి ముద్ర ఒత్తితే, ఇది ఫలానావాడిదని లెక్క. చాలావాటి మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. బొమ్మే సంతకం.

మనకీ దీనికీ సంబంధమేమిటంటారా? సింధు నాగరికత ముద్రలూ ఎక్కువగా ఈ జాతి రాతివే. దిల్మున్ వర్తకులు సింధు తూకాలే వాడారు. గుజరాత్‌లోని లోథాల్‌లో గల్ఫ్ తరహా గుండ్రటి ముద్ర ఒకటి దొరికింది. అంటే మన దేశానికీ ఈ తీరానికీ రాకపోకలు వీసాలు పుట్టకముందే ఉన్నాయన్నమాట.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు కువైట్ నేషనల్ మ్యూజియం కొల్లగొట్టబడింది. యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి పూనికతో చాలా వస్తువులు వెనక్కి వచ్చాయి. ఫైలకా జనాన్ని మాత్రం అప్పుడే ఖాళీ చేయించారు. వాళ్ళ ఊరు మళ్ళీ మునుపటిలా నిండలేదు. రాళ్ళు ఇల్లు చేరాయి, మనుషులు చేరలేదు.

ఆ ముద్రలు చూస్తుంటే నాకు కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన మనవాళ్ళే గుర్తొస్తారు. ఇక్కడ అడుగుపెట్టగానే వేళ్ళు యంత్రం మీద ఆనించి తామెవరో చెప్పుకునేవాళ్ళు. పేరు తెలియని ఆ వర్తకుడూ అంతే కదా, తన సరుకుతో పాటు తన గుర్తునూ పరాయి రేవుకు పంపినవాడు.

కువైట్ వస్తే ఆ ముద్రల్ని చూసే వీలు చేసుకోండి. వీలైతే వెనకవైపు కూడా చూడండి; దారం రాసుకున్న ఆ రంధ్రం దగ్గరే మనిషి ఎక్కువగా కనిపిస్తాడు.