తోక ముందు చిన్న రెక్క ఉందా? అయితే వదిలేయండి!

నదిలోకి వచ్చాక ఆ చేప దాదాపు తిండి మానేస్తుంది. మరి గాలానికి ఎందుకు పడుతుంది? కోపం అంటారు కొందరు. సముద్రంలో వేటాడిన అలవాటు ఇంకా పోలేదంటారు ఇంకొందరు. ఏదైతేనేం, కళ్ల ముందు ఏదైనా తళుక్కుమంటూ కదిలితే మాత్రం ఊరుకోదు. అదే కోహో సాల్మన్!

సియాటెల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఈ సీజన్ అంటే వినాయక చవితి, బతుకమ్మ, దసరా. నాకు వీటితో పాటు ఇంకో పండగ ఉంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా కోహోలు నదులెక్కే టైమ్. వారమంతా ల్యాప్‌టాప్‌కి అతుక్కుపోయే నేను, శనివారం తెల్లారేసరికి ఛాతీ దాకా వచ్చే వేడర్స్ వేసుకుని స్కైకోమిష్ నదిలో నిలబడతాను. ఆ నీళ్ల చల్లదనానికి కాఫీతో పని లేకుండానే మత్తు వదిలిపోతుంది.

పులస లాంటిదే, కానీ...

గోదావరి పులస తెలుసుగా? సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుతూ వచ్చి గుడ్లు పెడుతుంది. కోహోదీ అదే దారి. చిన్న వాగులో పుట్టి, ఏడాదికి పైగా అక్కడే పెరిగి, సముద్రంలోకి వెళ్తుంది. సాధారణంగా మూడో ఏట, వాసన పట్టుకుని పుట్టిన చోటికే తిరిగొస్తుంది. తేడా ఒక్కటే: పులస మళ్లీ సముద్రానికి వెళ్లొచ్చు, కోహోకి తిరుగు ప్రయాణం లేదు. గుడ్లు పెట్టాక అక్కడే చనిపోతుంది. ఆ కళేబరమే గద్దలకి, వాగులోని చిన్న జీవులకి తిండి.

ఎక్కడ వెతకాలి?

కోహోకి హోరుమనే ప్రవాహం నచ్చదు. పడిపోయిన చెట్ల పక్కన, ఒడ్డు వంపుల్లో, నీళ్లు నిదానంగా తిరిగే చోట ఆగుతుంది. వాన పడి నది పెరిగి, మళ్లీ తగ్గుతూ నీళ్లు ఆకుపచ్చగా తేరుకుంటున్నప్పుడు వెళ్తే ఛాన్స్ ఎక్కువ. ఎరగా ఈకలు కట్టిన చిన్న జిగ్ చాలు. విసరండి, కాస్త మునగనివ్వండి, రాడ్‌ని టక్ టక్‌మని రెండుసార్లు పైకి లాగి వదలండి. జిగ్ కిందికి జారేటప్పుడే చేప అందుకుంటుంది. ఆ తర్వాత ఎగరడం, గిరగిరా తిరగడం, రీల్ అరుపులు... అదంతా చూసి తీరాల్సిందే!

అసలు పరీక్ష చేప పడ్డాకే

కోహో వీపు మీద, తోకకు కాస్త ముందు వేలెడంత కూడా లేని మెత్తటి రెక్క ఒకటి ఉంటుంది. హేచరీలో పెంచిన పిల్లలకి నదిలో వదిలే ముందే దాన్ని కత్తిరిస్తారు. రెక్క లేకపోతే అది హేచరీ చేప. ఉంటే నదిలో సహజంగా పుట్టిన చేప. చాలా నదుల్లో ఇలాంటి దాన్ని వదిలేయాలన్నది రూల్. అంతేకాదు, వదలాల్సిన సాల్మన్‌ని నీళ్లలోంచి పూర్తిగా పైకి ఎత్తకూడదు. సెల్ఫీ కోసమైనా సరే!

కిందటేడు ఎమ్మెస్‌కి వచ్చిన మా బావమరిదిని తీసుకెళ్లాను. మూడు వారాలు ఖాళీ చేతులే. నాలుగో శనివారం నాలుగు కిలోల చేప పడింది. చూస్తే రెక్క ఉంది. వాడి మొహం వాడిపోయింది.

“బావా, ఇక్కడ ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడరు. కానీ మూడేళ్ల తర్వాత దీని పిల్లలు ఇక్కడికే రావాలి కదరా.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంగి గాలం తీసి, చేప తలని ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఒక్క తోక విసురు... అంతే, మాయం. ఆ రోజు ఇంటికొచ్చి పప్పుచారే తిన్నాం.

మన కారు టైరే విలన్

మనం వదిలిన చేప బతుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు. సియాటెల్ వాగుల్లో గుడ్లు పెట్టకుండానే కోహోలు చచ్చిపోవడం ఎన్నో ఏళ్లు మిస్టరీగానే ఉండిపోయింది. 2020 డిసెంబర్‌లో శాస్త్రవేత్తలు కారణం పట్టేశారు. టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతుంది. వాన పడితే రోడ్డు మీది టైరు పొడి వాగుల్లోకి చేరి, కొన్ని గంటల్లోనే కోహోని చంపేస్తుంది. అదే నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడకడితే చేపలు బతుకుతాయని కూడా తేలింది. అంటే దారి ఉంది. రోడ్ల పక్కన అలాంటి మట్టి గుంతలు ఇంకా చాలా రావాలి.

వెళ్లాలనుందా?

వాషింగ్టన్‌లో 15 ఏళ్లు నిండితే లైసెన్స్ తప్పనిసరి. సాల్మన్‌కి క్యాచ్ కార్డు కూడా కావాలి. ముల్లు లేని గాలాలు వాడితే చేపని వదలడం తేలిక. చాలా చోట్ల అదే రూల్. నదిని బట్టి నిబంధనలు మారతాయి, మధ్యలో మూసేయొచ్చు కూడా. కాబట్టి బయల్దేరే ముందు ‘ఫిష్ వాషింగ్టన్’ యాప్ చూడండి. గాలం పట్టే ఓపిక లేదా? అక్టోబర్‌లో పిల్లల్ని తీసుకుని ఇసాక్వా హేచరీకి వెళ్లండి. 1936లో కట్టిన ఆ హేచరీ దగ్గర, ఊరి మధ్య వాగులో ఎదురీదుతున్న సాల్మన్‌లు కళ్ల ముందే కనిపిస్తాయి. ఫొటోలు ఎన్నైనా తీసుకోండి, అక్కడ వాటికి ఇబ్బంది లేదు!