పెరటి తోటకు అంచు - పనివారితో ఒప్పందము

పంట చేనికి గట్టు ఎంత అవసరమో, ఇంటి తోటకు అంచు అంత అవసరము. గట్టు లేని మడిలో నీరు నిలువదు. అంచు లేని తోటలో నీరు నడవలోనికి పారును, గరిక మడిలోనికి ప్రాకును. ఇది తెలిసియు చాలామంది అంచును కేవలము అలంకారముగా భావించి పనివాని ఇష్టమునకు వదలివేయుదురు. అట్లు వదలివేసిన ఒక ఇంట జరిగిన నష్టమును ముందుగా చెప్పెదను.

నేను పనిచేసిన ప్రాంతములో ఒక రైతు కొత్త ఇల్లు కట్టుకొని, తోట పనిని గుత్తకిచ్చెను. "అందముగా ఉండవలెను" అన్న మాట తప్ప వేరొక షరతు లేదు. త్వరగా పెరుగును, పూలు బాగుండును అని గుత్తదారు పశువుల కొట్టము ప్రక్కన గన్నేరు వరుస వేసెను. మరుసటి ఏడు కొమ్మలు కత్తిరించిన కూలీలు వాటిని గడ్డితో కలిపి కొట్టము మూలను కుప్ప పోసి వెళ్ళిరి. ఏడాది వయసు పెయ్య ఆ వాడిన ఆకు తిని, పశువైద్యుడు వచ్చులోపుననే చనిపోయినది. తప్పు ఎవరిదని వాదించి లాభము లేదు. ఏ మొక్క వేయవలెనో, కత్తిరించినది ఎచ్చట పారవేయవలెనో ఎవరును ఎవరికిని చెప్పలేదు.

వేయదగని మొక్కలు

ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండును విషపు మొక్కలే. ఆకు, కొమ్మ, పువ్వు, గింజ అన్నిటను విషమున్నది. ఎండినను అది పోదు. పచ్చి ఆకు చేదుగా ఉండుటచే పశువు సాధారణముగా ముట్టదు. వాడి గడ్డితో కలిసినప్పుడు తెలియక తినును. పులికంప అని పిలిచెడి లాంటానా కూడ పశువులకు హాని చేయును. పశువులు, పసిపిల్లలు తిరుగు ఇండ్లలో వీనిని అంచుకు వేయరాదు. ఇప్పటికే ఉన్నచో కత్తిరించిన ప్రతి కొమ్మను ఏరి, లోతుగా పాతిపెట్టవలెను. కాల్చరాదు, ఆ పొగ కూడ మంచిది కాదు. పశువు తిన్నదని అనుమానము కలిగినచో నాటుమందులతో కాలము గడపక, తిన్న ఆకుతో సహా పశువైద్యునికి వెంటనే కబురు చేయవలెను.

వేయదగిన మొక్కలు

ఎత్తైన అంచుకు గోరింట, మందార మంచివి. గోరింటను అడుగు ఎడముగా నాటి, తరచు కత్తిరించినచో గుబురుగా పెరుగును. పొట్టి అంచుకు తులసి, వామాకు, నిమ్మగడ్డి వేయవచ్చును. తేమ ఉన్న చోట పొన్నగంటి, పుదీన చక్కగా పెరుగును. అయితే ఇవి ప్రాకెడి స్వభావము కలవి. ఇటుక వరుసకు లోపలనే ఉంచవలెను. మురుగు నీరు పారు చోట ఆకుకూరలు వేయరాదు. కూరమడుల చుట్టును బంతి వేసినచో పూలు దక్కును, వేళ్ళకు బుడిపెలు కలిగించు నులిపురుగులు కొంత తగ్గును. ఒక్క వరుసతోనే తెగులంతయు పోవునని మాత్రము అనుకోరాదు.

ఇటుక అంచు కట్టు విధము

ముందుగా మేకులు పాతి, త్రాడు కట్టి, ముగ్గుపిండితో గీత గీయవలెను. వంపు కావలసిన చోట పాత మోకును నేలపై పరచి, కంటికి నచ్చిన పిమ్మట గీత వేయవలెను. గీత వెంట 7 అంగుళముల లోతు కాలువ త్రవ్వి, అడుగున 2 అంగుళముల ఇసుక పోయవలెను. 9 అంగుళముల ఇటుకను నిలువుగా పెట్టినచో 5 అంగుళములు లోపల, 4 అంగుళములు పైన ఉండును. ఇటుక వెడల్పు నాలుగున్నర అంగుళములైనచో 30 అడుగుల అంచుకు 80 ఇటుకలు పట్టును. రెండు ప్రక్కల మట్టి వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను.

నల్లరేగడి నేలలలో సిమెంటు వాడక, ఇసుకపైననే పేర్చుట మేలు. ఆ నేల వానలకు ఉబ్బును, ఎండలకు బీటలు వారును. సిమెంటు కట్టు దానితోపాటు పగులును. పేర్చిన ఇటుక కదలినను సరిచేసుకొనవచ్చును. బేతంచెర్ల, తాండూరు ప్రాంతముల వారికి బండల ముక్కలు చౌకగా దొరకును. అవియు ఈ పనికి సరిపోవును. అంచు ఇంటి గోడ వైపు నీటిని మళ్ళించకుండ చూచి, వాన నీరు బయటకు పోవుటకు అచ్చటచ్చట సందు విడువవలెను. పండుగలకు సున్నము, జాజు పట్టెలు వేసినచో వాకిలికే కళ వచ్చును.

పనివారితో ఒప్పందము

గీత మీరు గీసిన పిమ్మటనే పనివానిని పిలువవలెను. కొలతకు వచ్చు అంచు పనిని గుత్తకు ఇవ్వవచ్చును. గుంతలు తీయుట, మట్టి మార్చుట వంటి ఇంతని చెప్పలేని పనులకు రోజు కూలి మేలు. ఈ సంగతులు ఒక కాగితముపై వ్రాసికొనవలెను:

1. అంచు ఎన్ని అడుగులు, ఎంత లోతు.
2. ఇటుక, ఇసుక ఎవరు తేవలెను.
3. ఏ మొక్కలు, ఎన్ని. చనిపోయిన వానికి బదులు ఎవరు నాటవలెను.
4. కొమ్మలు, చెత్త ఎచ్చట వేయవలెను.
5. డబ్బు ఎన్ని విడతలుగా, ఎప్పుడు ఇవ్వవలెను.

మొదట పది అడుగులు చేయించి, చూచి, తక్కిన పనికి ఒప్పుకొనండి. చివరి విడతను మొక్కలు నాటుకొన్న పిమ్మట ఇవ్వండి. అయితే రోజు కూలిని ఏ సాయంత్రమునకు ఆ సాయంత్రమే చెల్లించవలెను. వేసవిలో మిట్టమధ్యాహ్నము పని చేయించరాదు. త్రాగునీరు, నీడ చూపవలెను. మాట ఇద్దరికిని సమానమే.

గ్రామాధికారులకు ఒక మనవి. బడి, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయ ఆవరణలలో గన్నేరు వరుసలున్నవేమో ఒకసారి చూడండి. రైతు సోదరులు ఈ వారమే తమ కొట్టము చుట్టు తిరిగి రావలెను. ఒక పెయ్య ప్రాణము కాపాడుటకు ఆ ఒక్క చుట్టు చాలును.