నెట్టు ముఖం చూడని కంప్యూటరు

బిట్‌కాయిన్ ఉందంటే, నిజానికి మన దగ్గర ఉండేది ఒక రహస్య సంఖ్య. 256 బిట్ల ఆ సంఖ్యను ప్రైవేట్ కీ అంటారు. దానితో సంతకం చేస్తేనే డబ్బు కదులుతుంది. అది దొంగ చేతికి చిక్కితే డబ్బు దొంగది. పారేసుకుంటే ఇక ఎవరిదీ కాదు.

2009 జనవరిలో సతోషి నకమోటో పేరుతో వచ్చిన మొదటి ప్రోగ్రాం ఈ కీలను హార్డ్ డిస్కులో ఒక మామూలు ఫైలుగా దాచేది. ఆ ఫైలుకు పాస్‌వర్డు పెట్టుకునే వీలు 2011 సెప్టెంబరు దాకా రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉండేది. తర్వాతి వెర్షన్లలో ప్రోగ్రాం ముందుగా వంద కీలు తయారుచేసి పెట్టుకుని, అవి వాడుతున్నకొద్దీ కొత్తవి పుట్టించేది. ఎప్పుడో తీసి దాచిన బ్యాకప్‌లో ఆ కొత్తవి ఉండవు. బ్యాకప్ ఉందన్న ధీమాతో ఉన్నవాళ్లు కూడా నష్టపోయేవారు.

ఈ రెండు బాధలకూ ఒకేచోట మందు వెతికిన ప్రోగ్రాం ఆర్మరీ. అమెరికాకు చెందిన అలన్ రైనర్ 2011లో పైథాన్, సీ ప్లస్ ప్లస్ భాషల్లో దీన్ని రాయడం మొదలుపెట్టి, కోడ్ మొత్తాన్నీ అందరి ముందూ పెట్టాడు.

ఆర్మరీ పద్ధతికి రెండు కంప్యూటర్లు కావాలి. ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటుంది. రెండోది, పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, జన్మలో నెట్టుకు తగలదు. కీలు పుట్టేదీ ఉండేదీ దానిలోనే. మరి నెట్టులో ఉన్న కంప్యూటరు కీలు లేకుండానే కొత్త చిరునామాలు ఎలా ఇస్తుంది? ఇక్కడి గణితం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటగానే ఉంటుంది. 1985లో నీల్ కోబ్లిట్జ్, విక్టర్ మిల్లర్ వేర్వేరుగా ప్రతిపాదించిన ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ ఆధారంగా ప్రతి ప్రైవేట్ కీకీ ఒక పబ్లిక్ కీ జంటగా ఉంటుంది. ప్రైవేట్ కీని ఒక గుణకంతో గుణిస్తే కొత్త కీ వస్తుంది. అదే గుణకంతో పబ్లిక్ కీని గుణిస్తే వచ్చేది సరిగ్గా ఆ కొత్త కీకి జంట. అంటే రెండు కంప్యూటర్లూ మాటామంతీ లేకుండానే ఒకే వరుసలో నడుస్తాయి. నెట్టులో ఉన్నది వచ్చిన సొమ్మును చూడగలదు, ఎంతుందో చెప్పగలదు, పైసా తీయలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ ఆన్‌లైన్ కాపీతో పాటు ఒక్క ప్రైవేట్ కీ బయటపడినా చాలు, మిగతావన్నీ లెక్కగట్టేయవచ్చు.

డబ్బు పంపాలంటే ఆన్‌లైన్ కంప్యూటరు సంతకం లేని లావాదేవీని తయారుచేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో దాన్ని రెండోదానికి తీసుకెళ్లి, సంతకం చేయించి, తెచ్చి నెట్టులోకి వదలాలి. అయితే ఆన్‌లైన్ కంప్యూటరు అప్పటికే దొంగల వశమై ఉంటే? అప్పటి బిట్‌కాయిన్ సంతకంలో, ఖర్చవుతున్న మొత్తం ఎంతో ఉండేది కాదు. చిన్న మొత్తమని అబద్ధం చెప్పి, మిగతాదంతా ఫీజు కింద పోయేలా చేయవచ్చు. అందుకే రైనర్ 2011లో ప్రతిపాదించిన ఫైలు రూపంలో, ఆ డబ్బును తెచ్చిన పాత లావాదేవీలు కూడా పూర్తిగా వెంట వెళ్తాయి. నెట్టులేని కంప్యూటరు ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా తనే లెక్క సరిచూసుకుంటుంది. ఎవరికి, ఎంత అన్నది తన తెరమీదే చూపిస్తుంది. అలా చూపించడం ఎంత ముఖ్యమో ఈమధ్య కూడా తెలిసొచ్చింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ ఆఫ్‌లైన్ వాలెట్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అనే మరో క్రిప్టో కరెన్సీ పోయింది. కీలు ఎవరూ ఎత్తుకుపోలేదు. సంతకం చేసేవాళ్లకు తెరమీద కనిపించింది ఒకటి, సంతకం పడింది మరొకదాని మీద.

బ్యాకప్ సంగతికొస్తే, అన్ని కీలూ ఒకే మూల సంఖ్య నుంచి పుడతాయి కాబట్టి ఒక్క కాగితం చాలు. తర్వాతి వెర్షన్లలో అది రెండు వరుసల అక్షరాలకు తగ్గింది. కీబోర్డు మీద తేలిగ్గా కొట్టగలిగే 16 అక్షరాలే అందులో వాడారు. తప్పు కొడితే పట్టుకునే ఏర్పాటూ ఉంది. ప్రింటరు తన జ్ఞాపకంలో కాపీ ఉంచుకుంటుందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకు ఇంకో ఉపాయం ఇచ్చారు: కాగితం మీద అచ్చయ్యేది తాళం వేసిన రూపం, దాన్ని విప్పే కోడ్ తెరమీద చూసి చేత్తో రాసుకోవాలి. ఆదీ షమీర్ 1979లో చెప్పిన పద్ధతిలో ఆ రహస్యాన్ని ముక్కలు చేసి, ఐదింటిలో ఏ మూడు కలిసినా తిరిగి వచ్చేలా పంచిపెట్టుకోనూ వచ్చు.

ఆర్మరీ బరువైనది. బిట్‌కాయిన్ లావాదేవీల చరిత్ర మొత్తం ఆన్‌లైన్ కంప్యూటర్లోకి దింపుకుంటే గాని పనిచేయదు. అదే 2011లో థామస్ వోగ్ట్లిన్ మొదలుపెట్టిన ఎలక్ట్రం చరిత్రను సర్వర్లకు వదిలేసి తేలికగా ఉండటంతో మామూలు జనం అటే మొగ్గారు. 2013లో ఆరు లక్షల డాలర్ల పెట్టుబడి దొరికిన ఆర్మరీ కంపెనీ 2016లో మూతపడింది. కోడ్ బహిరంగంగా ఉండబట్టి, గోట్‌పిగ్ అనే మారుపేరున్న డెవలపర్ దాన్ని అందుకుని కొనసాగించాడు. రైనర్ ఫైలు రూపం మాత్రం ప్రమాణం కాలేదు. 2017లో ఏవా చౌ ప్రతిపాదించిన పీఎస్‌బీటీ అనే ఫైలు రూపం ఆ స్థానం తీసుకుంది. ఇప్పుడు ఎలక్ట్రం, బిట్‌కాయిన్ కోర్, రకరకాల హార్డ్‌వేర్ వాలెట్లు దాన్నే వాడుతున్నాయి. అందులోనూ పాత లావాదేవీలను పూర్తిగా జతచేసే చోటు ఉంది, అదే ఫీజు మోసాన్ని అడ్డుకోవడానికి.