భూమి కింది వేడి, మన కాళ్ళ కింది పగుళ్ళు

మొన్నటి ఎపిసోడ్‌లో అంకెలన్నీ గబగబా చెప్పేశాను, సగం అర్థం కాలేదని వాట్సాప్‌లో తిట్టారు. రాతలో అయితే నిదానంగా చెప్పొచ్చు. ఎక్కువమంది అడిగింది ఒకటే: "2025 మార్చి 28న మీ దగ్గర భూమి ఎందుకు ఊగింది? మన ఊళ్ళల్లో ఎందుకు ఊగదు?"

నేనుండేది తన్లిన్‌లో. మన పెద్దోళ్ళు రంగం అని పిలిచిన యాంగాన్ నుంచి బగో నది వంతెన దాటితే వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం 12:50కి మావాళ్ళు అన్నం డబ్బాలు విప్పుతున్నారు. క్యూరింగ్ తొట్టిలో నీళ్ళు అటూ ఇటూ ఊగి ఒలికిపోయాయి. భూకంపం పుట్టిన మాండలే మాకు 500 కిలోమీటర్ల పైనే.

ముందు వేడి సంగతి. లావు రాఫ్ట్ పోసినప్పుడు మధ్యలో ఒకటి, పైన ఒకటి థర్మోకపుల్ వైర్లు పెడతాం కదా. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోపలికీ పైకీ తేడా 20 డిగ్రీలు దాటితే పగుళ్ళొస్తాయని కాపలా కాస్తాం. భూమి వేడి కొలిచేదీ దాదాపు ఇలాగే. బోరులో లోతు మారే కొద్దీ ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో చూస్తారు. ఆ రాయి వేడిని ఎంత బాగా పంపుతుందో ల్యాబులో చూస్తారు. రెండూ హెచ్చవేస్తే లెక్క వస్తుంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు 1960లలో కోలార్ బంగారు గనుల్లో, తర్వాత సింగరేణి బోర్లలో ఇలా కొలిచారు.

నేల మీద మామూలుగా వచ్చేది చదరపు మీటరుకు 0.065 వాట్లు. అంటే మూడున్నర సెంట్ల ఇంటి స్థలం మొత్తానికి ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. ఇంతేనా అనిపిస్తుంది. భూగోళం మొత్తం కూడితే మాత్రం దాదాపు 47 లక్షల కోట్ల వాట్లు. ఖండాలను కదిలించే ఇంజనుకు డీజిల్ అదే.

నేల పలకను రెండు వైపులా లాగితే మధ్యలో పలచబడుతుంది. వేడి బెల్లం పాకాన్ని లాగి చూడండి, అట్లా. పలచబడిన చోటికి కింది వేడి రాయి పైకి లేస్తుంది, నేల ఇంకా మెత్తబడుతుంది, ఇంకా సాగుతుంది. 1978లో డాన్ మెకెంజీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టారు. సాగేటప్పుడు నేల ఒకసారి కుంగుతుంది. లాగుడు ఆగిపోయాక కూడా, చల్లారుతూ కోట్ల ఏళ్ళు మెల్లగా కుంగుతూనే ఉంటుంది. జెడ్డాలో ఉన్న అన్నలకు ఉదాహరణ ఎదురుగానే ఉంది. ఆఫ్రికా నుంచి అరేబియా చీలిపోతే మధ్యలో పడిన పగులే ఎర్ర సముద్రం. 2009లో మదీనాకు వాయవ్యాన హర్రత్ లునయ్యిర్‌లో కింద శిలాద్రవం కదిలి వరసగా భూకంపాలొస్తే, వేలమందిని ఊళ్ళు ఖాళీ చేయించారు.

మన గోదావరి లోయ కూడా అలాంటి చీలికే. కాకపోతే మధ్యలో ఆగిపోయింది. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట చీలడం మొదలై, సముద్రం కాకుండానే మిగిలింది. కుంగిన లోయలో అడవులు పడి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ చూసింది ఆ బొగ్గునే. మాది కొత్తగూడెం. మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్, "కిందికి పోయిన కొద్దీ ఉడుకే బిడ్డా" అనేవాడు. లోతున్నర చదువు చదివి నేను తెలుసుకున్నది ఆయన వీపుకు ముందే తెలుసు.

ఇక్కడి సంగతి వేరే. తన్లిన్‌కు దక్షిణాన అండమాన్ సముద్రం కింద చీలిక ఇప్పటికీ నడుస్తోంది. గోవా ఎన్‌ఐఓ శాస్త్రవేత్త కామేశ్ రాజు గారి బృందం 2004లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 38 మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది. ఆ కదలికలో కొంత ఉత్తరానికి సగైంగ్ ఫాల్ట్ మీదుగా నేల మీదికి వస్తుంది. ఫాల్ట్ దగ్గర నేల విడిపోదు, పక్కపక్కన ఒరుసుకుంటూ జారుతుంది, ఏడాదికి రమారమి 18 మిల్లీమీటర్లు. పట్టేసి పట్టేసి ఒక్కసారి వదిలితే 7.7. మార్చి 28 పగులు నేపిడో దాటి దక్షిణానికి వచ్చి ఆగింది. మాకు దగ్గరున్న బగో ముక్క కదల్లేదు. అది 1930 మే 5న కదిలింది, సుమారు 500 మంది పోయారు. ఆ నెలాఖరులోనే రంగం ఓడరేవులో మన తెలుగు కూలీల మీద దాడులు. పాడు నెల.

ఇంకో ముఖ్యమైన మాట. మార్చి 28న సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకాక్‌లో కడుతున్న బిల్డింగ్ కూలింది, పోయినవాళ్ళలో ఎక్కువమంది మనలాంటి కట్టడం పనివాళ్ళే. మెత్తటి బంకమట్టి దూరపు అలను పెద్దది చేస్తుంది. మా నది ఒడ్డున ఉన్నదీ ఒండ్రే. కాబట్టి సైటులో మీరు అడగాల్సింది ఫాల్ట్ ఎంత దూరమని ఒక్కటే కాదు, కింద మట్టి ఏంటని కూడా. ఆ రోజు మావాళ్ళు అసెంబ్లీ పాయింట్ బోర్డు దగ్గరికి పరిగెత్తారు. చూస్తే ఆ బోర్డు సరిగ్గా టవర్ క్రేన్ జిబ్ కింద ఉంది. అన్నాళ్ళూ నా కంటికీ ఆనలేదు. మర్నాడు పొద్దున్నే పీకించి గేటు బయట పాతించాను.

ఇక "మన దగ్గర ఊగదు" అన్న మాట. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. 2024 డిసెంబర్ 4న పొద్దున ములుగులో 5.3. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి అంది: "వంటింట్లో గిన్నెలు పడ్డయి. నువ్వుండే కాడ ఊగుతదంటివి, ఇక్కడెందుకు ఊగిందిరా?"