స్కాట్స్ పదం 'గ్లామర్': అర్థవిపరిణామం

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా వార్తలలో తరచుగా కనిపించే 'గ్లామర్' ఇంగ్లీషు నుంచి వచ్చిన ఎరువుమాట. ఇంగ్లీషులోకి అది స్కాట్లాండులోని స్కాట్స్ భాష నుంచి చేరింది. నేడు ఆకర్షణ, సౌందర్యం అనే అర్థాలనిచ్చే ఈ పదానికి స్కాట్స్‌లో ఉన్న అర్థం వేరు. ఆ అర్థాన్ని, దాని పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పదనిష్పత్తి

'గ్లామర్' అనేది 'గ్రామర్' (వ్యాకరణం) అనే పదానికి రూపాంతరం. గ్రీకులో అక్షరవిద్యను తెలిపే పదం దీనికి మూలం. మధ్యయుగ ఐరోపాలో ఈ పదం లాటిన్ వ్యాకరణాన్నే కాక పాండిత్యాన్నంతటినీ సూచించింది. చదువు కొద్దిమందికే దక్కిన ఆ కాలంలో, పండితుల గ్రంథాలలో మంత్రవిద్య కూడా ఉంటుందని సామాన్యులు నమ్మారు. మంత్రగ్రంథాన్ని తెలిపే ఫ్రెంచి పదం 'గ్రిమ్వార్' కూడా ఈ మూలం నుంచే పుట్టింది. స్కాట్స్‌లో పదంలోని రెండు రకారాలలో మొదటిది విషమీకరణం వల్ల లకారమైంది.

3. సాహిత్య ప్రయోగాలు

18వ శతాబ్ది తొలి దశకాలలో కవి అలన్ రామ్సే తన కవితలకు రాసిన పదవివరణలో, మాంత్రికులు, గారడీవారు చూపరుల దృష్టిని మోసగించడమే 'గ్లామర్' అని తెలిపాడు. స్కాట్స్ నుడికారంలో దీనిని కళ్లమీద 'వేస్తారు'. 1789లో రాబర్ట్ బర్న్స్ కెప్టెన్ గ్రోస్‌పై రాసిన హాస్యకవితలో 'గ్లామర్', 'గ్రామర్' పదాలను అంత్యప్రాసగా కూర్చాడు. అక్కడ రెండూ క్షుద్రవిద్యకు సంబంధించినవే. వాల్టర్ స్కాట్ 1805 నాటి 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' కావ్యంలో, మాంత్రికుని గ్రంథంలోని ఒక మంత్రానికి ఈ శక్తిని ఆపాదించాడు. దాని ప్రభావం వల్ల పూరిపాక రాజభవనంగా తోస్తుంది. వస్తువు మారదు, చూపు మాత్రమే మోసపోతుంది. స్కాట్ రచనల ద్వారానే ఈ పదం ఇంగ్లీషు పాఠకులలో విస్తృతంగా ప్రచారమైంది.

4. అర్థపరిణామం

19వ శతాబ్దిలో మంత్రం మరుగున పడి, మనసును లోబరచుకునే మోహకత్వం మిగిలింది. 20వ శతాబ్దిలో సినిమా, ఫ్యాషన్ రంగాల వ్యవహారంలో అది రూపలావణ్యంగా స్థిరపడింది. వంచనను సూచించిన పదం ప్రశంసగా మారడం అర్థోత్కర్ష. తెలుగు స్వీకరించింది ఈ చివరి అర్థాన్నే.

5. ముగింపు

కాబట్టి బర్న్స్, స్కాట్ రచనలను అనువదించేటప్పుడు ఈ పదాన్ని 'అందం' అనో, తెలుగులో వాడుకలో ఉన్న 'గ్లామర్' అనో రాస్తే మూలార్థం తారుమారవుతుంది. దానికి సరైన మాట తెలుగులో ఉన్నది: 'కనికట్టు'. కన్నును కట్టివేయడమనే భావన స్కాట్స్ నుడికారానికి అత్యంత సన్నిహితం. పరిచితమైన ఎరువుమాట పాతగ్రంథంలో ఎదురైనప్పుడు, ఆ గ్రంథకాలం నాటి అర్థాన్ని నిర్ధారించుకోవడం అనువాదకుని ప్రథమ కర్తవ్యం.